పక్క బోరు సాక్ష్యం

నాలుగు ఆసుపత్రులు, మూడు పేర్లు. మొదటివాళ్ళు ఉబ్బసం అన్నారు. రెండోవాళ్ళు నిమ్ము అన్నారు. మూడోవాళ్ళు టీబీ అని తేల్చి ఆరు నెలలు మాత్రలు మింగించారు. ఆ మాత్రలకి పిల్ల ఎర్రగా ఉచ్చ పోసిందే తప్ప దగ్గు తగ్గలేదు. నాలుగోవాళ్ళు పేరు పెట్టడం మానేసి కత్తి తీశారు.

"ఎడమ ఊపిరితిత్తి కింది భాగం పాడైపోయిందమ్మా. శుక్రవారం కోసి తీసేద్దాం," అంది డాక్టర్ నిఖత్.

సుంకులమ్మ ఒళ్ళో మనవరాలు చైత్ర కూర్చునుంది. ఏడేళ్ళ పిల్ల. ఐదేళ్ళ పిల్ల బరువు. దగ్గినప్పుడల్లా దాని వీపు సుంకులమ్మ పొట్టకి కొట్టుకుంటోంది. పక్కన కోడలు రామాంజినమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కొడుకు బోర్ల రిగ్గు లారీ మీద ఒరిస్సాలో ఎక్కడో ఉన్నాడు. ఫోను కలవలేదు.

నిఖత్ మంచి మనిషే. ముందు కుర్చీ చూపించి కూర్చోమంది. అంతకుముందు మూడుచోట్లా ఆపాటి మర్యాద కూడా లేదు.

"వంగే గొట్టం వేసి చూశాను. ఎడమవైపు గాలిదారిలో కండ పెరిగి మూసుకుపోయింది. దాని వెనకాల ఏముందో కనబడ్డం లేదు. ఫొటోల్లోనూ తెలియడం లేదు."

"ఆ కండ పక్కకి తీసి చూడొచ్చు గదా తల్లీ?"

"తాకితే రక్తం. ఆ రక్తం బాగున్న ఊపిరితిత్తిలోకి దిగిందంటే పిల్ల బల్లమీదే పోతుంది. వెనక ఏదో వస్తువు ఇరుక్కుందని గట్టిగా తెలిస్తే ఆ తెగింపు చేస్తాను. గట్టి గొట్టం వేసి, కండ కాల్చి, పట్టుకుని లాగుతాను. వట్టి అనుమానం మీద చెయ్యను." ఆమె కాగితం మీద పెన్ను ఆనించింది. "ఎప్పుడైనా ఏమైనా మింగిందా? గింజ, గుండీ, అట్లాంటిది?"

"లేదు," అంది సుంకులమ్మ. అరక్షణం కూడా తడుముకోలేదు.

నిఖత్ రాసుకుంది. లేదు.

అది అబద్ధం కాదు. పిల్ల ఏమీ మింగలేదు. మింగిందా అన్నారు, తనకి తెలిసినంతలో లేదంది. పీల్చిందా అని ఏడాదిన్నరలో ఒక్క తెల్లకోటు అడగలేదు.

*

సుంకులమ్మకి యాభై ఎనిమిదేళ్ళు. చదివింది నాలుగో తరగతి. కళ్యాణదుర్గం చుట్టుపక్కల బోర్లలో ఇరుక్కున్న మోటార్లు పైకి లాగడం ఆమె పని. మొగుడు నేర్పిన పని, మొగుడు పోయాక వదలని పని. నీళ్ళకోసం తహశీల్దారు ఆఫీసు ముందు ఆమె కూర్చున్నన్ని రోజులు అక్కడి గుమస్తా కూడా కూర్చోలేదు. ఆమె గేటు దగ్గర కనబడితే సారు వెనక తలుపునుంచి వెళ్ళిపోతాడని చెప్పుకునేవాళ్ళు.

ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంది ఆమె అసలు బతుకు. అక్కడి యంత్రాన్ని ఊరు చెవిగొట్టం అంటుంది. ఆ పేరు పెట్టింది చైత్ర.

మొదట అది బోర్లకోసమే. ఆరొందల అడుగుల లోతులో రాయి ఎక్కడ అడ్డం పడిందో తెలియడానికి పైనుంచి 'టక్' మనే చప్పుడు వదిలేది. తిరిగొచ్చే చప్పుడు రాయి జాగా చెప్పేది. కొన్నేళ్ళకి ఇంకోటి పట్టుకుంది. బోరు గోడలకి ఏటేటా ఉప్పు పక్కు కడుతుంది. ఒక్కో ఏడాది పక్కు ఒక్కోలాగా పలుకుతుంది. ఆ పలుకు విని ఏ ఏడు నీళ్ళు ఎంత ఎత్తుకి వచ్చాయో చెప్పేది. కాలేజీవాళ్ళు తూకానికి అమ్మేసిన పుస్తకాలు తెచ్చుకుని, ఇంగ్లీషు మాటల్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని, పాత లాప్‌టాప్‌కి తీగలు అతికి చేసింది ఇదంతా. చూడ్డానికి వచ్చిన ఒక ప్రొఫెసరు నవ్వి, టీ తాగి పోయాడు.

పోయిన ఎండాకాలం పక్కింటి పిల్ల ఆటకి, బోర్లోకి దింపే మైకుల పట్టీ ఎదకి కట్టుకుంది. సుంకులమ్మ కూడా ఆటకే చప్పుడు వదిలింది. తిరిగొచ్చినదాన్ని పొర తర్వాత పొర విప్పింది. పిల్ల నోరు మూసుకునే ఉంది. స్పీకరు డబ్బాలోంచి మాత్రం అదే పిల్ల గొంతు, ఇంకా చిన్నదిగా, "బడికి పోనూ!" అని ఏడ్చింది.

అది రెండేళ్ళ కిందటి ఏడుపు.

ఆ రోజు సుంకులమ్మకి అసలు సంగతి తెలిసింది. మనం మాట్లాడినప్పుడల్లా ఎద అదురుతుంది. గాలిదారుల చుట్టూ ఉన్న మెత్తటి ఎముక, పిల్లల్లో ఇంకా పెరుగుతున్న ఎముక, ఆ అదురుని పొరలో ముద్ర వేసుకుంటుంది. దానిమీద ఇంకో పొర. పిల్లలు పలికిన ప్రతి మాటా వాళ్ళ ఎదలోనే దాక్కుని ఉంది. పెద్దవాళ్ళలో ఆ పొరలు కలిసిపోయి గరగరమంటాయి, అంతే. పైగా ఎవరి ఎద వాళ్ళ గొంతునే దాచుకుంటుంది. ఎదుటివాళ్ళు అన్నది అందులో పడదు.

భూమ్మీద ఎవరూ వినని సంగతి అది. ఆమె ఊరు దాటి ఎవరికీ చెప్పలేదు. చెప్తే నమ్మేవాళ్ళు లేరు, నవ్వి టీ తాగిపోయేవాళ్ళున్నారు.

చైత్ర ఎదని మాత్రం అది చదవలేకపోయింది. ఎడమవైపు పట్టీ కట్టి పదిసార్లు చప్పుడు వదిలింది. పాడైన చోటునుంచి ఏమీ తిరిగి రాలేదు.

*

ఆసుపత్రినుంచి వచ్చిన సాయంత్రం రామాంజినమ్మ సంగటి ముద్ద కలిపి పిల్ల నోట్లో పెట్టబోయింది. చైత్ర దగ్గి, ముద్ద కక్కేసింది. కోడలు ఎంగిలి చెయ్యి గాల్లోనే ఆపేసింది.

"ఊర్లో అందరి పిల్లోళ్ళ ఎదలూ ఇన్నావు గదత్తా," అంది. తల ఎత్తలేదు. "మన పిల్లది ఇనడానికి నీకు పొద్దు సాలలేదా?"

"ఇనలేదని ఎవురన్నారే? పదిసార్లు ఇన్నా. ఎడమది చెవిటిదైపోయింది. నేనేం సెయ్యాల?"

"ఏమో. బోర్ల ముందు కూర్చున్నట్ల బిడ్డ ముందు కూర్చోవాల్సింది."

సుంకులమ్మ నోరు తెరిచింది. అంతలో ఫోను మోగింది. పక్క ఊరి రైతు.

"అక్కా, మా బోరు ఎండిపోయినట్లుంది. మొన్న నువ్వొచ్చి చెవిగొట్టం దింపితే ఏం పలకలా. అసలు నీళ్ళెప్పుడు పోయినాయో ఎట్ల తెలుసుకునేది?"

"ఎండిన బోరునేం అడుగుతావప్పా," అంది ఆమె విసుగ్గా, రోజూ పదిమందికి చెప్పే మాట. "పక్క బోరు కొలువు. కింద నీళ్ళు రెంటికీ ఒకటే గదా. అదే చెప్తా..."

ఆగిపోయింది.

"అక్కా? ఉండావా?"

ఆమె ఫోను పెట్టేసింది. చైత్ర కుడిభుజం మీద చెయ్యి వేసి, వేళ్ళతో పక్కటెముకల్ని మెల్లగా తడిమింది. ఎడమది పాడైంది. కుడిది బాగుంది. ఒకే ఎదలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఎడమదానికి ఏం జరిగినా కుడిది వింటూనే ఉంది.

"రేపు పొద్దున బిడ్డని షెడ్డులోకి తీస్కరా మే," అంది కోడలితో.

*

తెల్లారి రేకుల చిల్లుల్లోంచి ఎండ పుల్లల్లా దిగింది. చైత్ర స్టూలు మీద కూర్చుంది. ఎనిమిది మైకుల పట్టీ కుడివైపుకి బిగించారు. నోట్లో చప్పుడు వదిలే రబ్బరు గొట్టం.

"కదలొద్దు నా తల్లి. నలభై లెక్కపెట్టేదాకా."

"దగ్గొస్తే?"

"వస్తే దగ్గు. మల్ల మొదలుబెడదాం. మనకేం బస్సు పోతాందా?"

ఆరుసార్లు దగ్గింది. ఏడోసారి నలభై దాటింది.

సుంకులమ్మ పొరలు విప్పడం మొదలుపెట్టింది. డబ్బాలోంచి నిన్నటి చైత్ర వచ్చింది: "సంగటొద్దు." పోయిన నెల చైత్ర: "సూదొద్దు, సూదొద్దు డాక్టరాంటీ." లోపలికి పోయేకొద్దీ గొంతు పలచబడుతోంది, చిన్నదవుతోంది. స్టూలు మీద ఏడేళ్ళ పిల్ల కళ్ళు పెద్దవి చేసి కూర్చుంది. దాని మూసిన పెదాల వెనకనుంచి ఆరేళ్ళ పిల్ల మాట్లాడుతోంది, ఆనక ఐదేళ్ళ పిల్ల. రామాంజినమ్మ గోడకి చేరబడి రెండు చేతులూ జోడించింది. ఎవరికి దండం పెడుతోందో ఆమెకే తెలియదు.

ప్రతి మాట వెనకా సన్నటి చప్పుడు ఉంది. ఊపిరి తీసినా వదిలినా ఈల. మొదటి ఆసుపత్రివాళ్ళు దాన్నే పిల్లికూతలు అన్నారు. సుంకులమ్మకి ఆ ఈల మొదలైన పొర కావాలి. వెనక్కి, ఇంకా వెనక్కి. ఈల ఉంది. ఉంది. ఉంది.

లేదు.

ఆమె చెయ్యి ఆగింది. ఒక్క పొర ముందుకి జరిపి వదిలింది.

"నీళ్ళియ్యాల! నీళ్ళియ్యాల!" చిన్న గొంతు, గుండె నిండా అరుస్తోంది.

సుంకులమ్మకి ఆ రోజు తెలుసు. తహశీల్దారు ఆఫీసు ముందు ధర్నా. పిల్లల్ని కూడా కూర్చోబెట్టింది. సార్లు కిటికీలు మూసుకుంటే కోపమొచ్చి, బుడగలమ్మేవాడి సంచి మొత్తం కొని, బుడగలు పీకేసి, వాటి మూతికి ఉండే ప్లాస్టిక్ పీకలు పిల్లలందరికీ పంచింది. ఊదండి, చెవులు పగిలేదాకా ఊదండి, ఎట్ల వినరో చూద్దాం అంది.

డబ్బా: "పీ... పీ... పీ..." బయటికి. పొడుగ్గా, సరదాగా. ఒక నవ్వు. నవ్వు నడుమ గభాలున ఊపిరి లోపలికి. ఆ లోపలికి పోయే ఊపిరితోబాటే చిన్నగా, మూసుకుపోయినట్టుగా, ఇంకో "పీ".

తర్వాత దగ్గు. దగ్గు. దగ్గు. ఆయాసం. మెల్లగా సర్దుకుంది.

ఆ తర్వాత ఐదేళ్ళ గొంతు, నాయనమ్మని పిలుస్తూ, స్పష్టంగా:

"జేజీ, నా పీక లోపలికి పోయింది."

ఖాళీ. తెరమీద గీత చదునుగా పోయింది. నాలుగు క్షణాలు. అక్కడ ఎవరో జవాబు చెప్పారు. ఎద దాన్ని దాచుకోలేదు.

"అరిచి కాదు జేజీ. పీక."

మళ్ళీ ఖాళీ. ఈసారి రెండే క్షణాలు.

"ఊ," అంది ఐదేళ్ళ చైత్ర. ఒప్పేసుకుంది. అంతే. దాని కింద ఈల మొదలైంది, ఏడాదిన్నరపాటు ఆగని ఈల.

బిడ్డ చెప్పింది. మొదటి రోజే, మొదటి గడియలోనే, తన సొంత తెలుగులో, పొల్లుపోకుండా చెప్పింది. నాలుగు ఆసుపత్రులూ, వాటి యంత్రాలూ కనిపెట్టలేని సంగతి ఐదేళ్ళ పిల్ల ఐదు మాటల్లో తేల్చేసింది.

"అత్తా," అంది రామాంజినమ్మ. గొంతు వింతగా ఉంది. "ఆ సందులో నువ్వేమన్నావు?"

సుంకులమ్మ చెప్పకపోయినా అయ్యేది. ఆ నాలుగు క్షణాలు ఈ లోకంలో ఒక్క మనిషికే తెలుసు. చైత్రకి కూడా గుర్తులేదు. మరిచిపోయినా అంటే ఎవరూ తవ్వి తీయలేరు. చెవిగొట్టం కూడా తీయలేదు.

"పొద్దుట్నుంచి అరిస్తే పీక పోకుండా ఉంటాదా అన్నా," అంది. "అది గొంతు గురించి చెప్తాందనుకున్నా. పొలమారిందిలే, ఎవురో తలుచుకుంటాండారు అని నెత్తిన రెండు దెబ్బలు తట్టినా. మల్ల మైకు తీసుకోని అరవబోయినా." ఊపిరి పీల్చింది. "రెండోసారి, గమ్మునుండు అన్నా."

రామాంజినమ్మ ఆమె ముఖం వంక చూడలేదు. పిల్ల ఎదనుంచి పట్టీ విప్పి, ఒక్కో కొక్కెం తీస్తూ, చాలాసేపు విప్పింది.

"బస్సుకి పోదాం పా," అంది చివరికి. "డాక్టరమ్మకి ఇనిపించు."

*

నిఖత్ డబ్బాని మూడుసార్లు విన్నది. మొదటిసారి కుర్చీలో వెనక్కి ఆనుకుని. రెండోసారి ముందుకి వంగి. మూడోసారి స్టెతస్కోపు తీసి బల్లమీద పెట్టి, దానివంక కొత్తగా చూసింది.

"ఇది నిజంగా ఈ పిల్ల ఎదలోనుంచేనా?"

"కావాలంటే నీ బిడ్డని కూర్చోబెట్టు తల్లీ. దాని మాటలు నీకు వినిపిస్తా."

నిఖత్ ఒక్క క్షణం తటపటాయించింది. ఆ ముఖంలో ఆశ్చర్యంతోబాటు చిన్న భయం కూడా కదిలింది. ఏ తల్లి పిల్లని కూర్చోబెట్టినా అందులో కొన్ని ఖాళీలుంటాయి. ఆ ఖాళీల్లో తానేమందో ఏ తల్లికి గుర్తు చేసుకోవాలనుంటుంది?

"వద్దులే," అంది. "కానీ సుంకులమ్మగారూ, పిల్ల అంటున్నది పీక అని. పీక అంటే గొంతు. గొంతు బొంగురుపోయిందని కూడా అయ్యుండచ్చు. ఆ చప్పుడు కఫం ఈలే కావచ్చు. దీన్ని పట్టుకుని నేను కండ కాల్చలేను. రేపు ఏదైనా అయితే ఏం చూసి చేశావని అడుగుతారు."

"అప్పుడు నేనూ నీమాదిరే అనుకున్నా. గొంతనే అనుకున్నా." సుంకులమ్మ లేచి నిలబడింది. ఆఫీసర్ల ముందు నిలబడే తీరు అది. ఈసారి మాత్రం వేలు తనవైపే తిరిగింది. "నిన్న నువ్వు మింగిందా అని అడిగితే లేదన్నా. ఆ లేదు కొట్టెయ్. నేను చెప్పేది రాయి. ఆ పీక నేనే ఇచ్చినా. ప్లాస్టిక్ పీక, చిటికెనవేలు కొనంత. దాని నోట్లో పెట్టింది నేను, ఊదమన్నది నేను. నవ్వతా నవ్వతా పీల్చేసింది. పొలమారింది. నీళ్ళు గూడా తాగించలా. నెత్తిన తట్టి, ఎవురో తలుచుకుంటాండారని చెప్పినా. బిడ్డ రెండుసార్లు చెప్పింది, రెండుసార్లూ నోరు మూయించినా. నా పేరు రాయి. వేలిముద్ర కావాలంటే వేస్తా, సంతకం కావాలంటే చేస్తా. సర్కారోళ్ళు మా మాట వినడంల్యా అని ముప్పైయేండ్లు అరిచిన దాన్ని నేను."

నిఖత్ కుర్చీ ముందుకి లాక్కుంది.

నిఖత్ పాత కాగితం తీసింది. 'లేదు' మీద గీత కొట్టింది. పక్కనే రాసింది, పిల్ల మాటల్లోనే, తెలుగులోనే: నా పీక లోపలికి పోయింది.

"గురువారం," అంది. "గట్టి గొట్టం వేస్తాను. నెత్తురు సంచులు సిద్ధంగా పెట్టుకుని వేస్తాను."

*

గురువారం పది గంటలకి తలుపు మూసుకుంది. అత్తాకోడళ్ళు బెంచీ రెండు కొసల్లో కూర్చున్నారు. నడుమ ఇంకో ఇద్దరు పట్టేంత జాగా ఉంది. పదకొండయింది. ఒక నర్సు రక్తం సంచి పట్టుకుని లోపలికి పరిగెత్తింది. రామాంజినమ్మ బెంచీ మీద జరిగింది. కొంచెం. మళ్ళీ కొంచెం. పన్నెండు కొట్టేసరికి ఆమె భుజం సుంకులమ్మ భుజానికి ఆనింది. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకోలేదు.

తలుపు తెరుచుకుంది. నిఖత్ ముసుగు కిందికి లాగి, స్టీలు గిన్నె ముందుకి చాపింది. అందులో ఆకుపచ్చ ప్లాస్టిక్ ముక్క. చిటికెనవేలు కొనంత. ఏడాదిన్నర చీము, నెత్తురు అంటుకుని, ఒక కొస నల్లబడి. ఇంకో కొసన మాత్రం రంగు తళతళమంటూనే ఉంది.

"గొట్టం బయటికి తీస్తుంటే మోగిందమ్మా," అంది నిఖత్. "పిల్ల ఊపిరి వదిలింది, ఇది 'పీ' అంది. గదిలో ఎనిమిదిమందిమి, ఒక్కళ్ళం కదల్లేదు."

"ఎడమది?"

"కోయను. కొంత చెడింది. కొంత మిగిలింది. మిగిలింది పెరుగుతుంది, చిన్నపిల్ల కదా. రండి, వినిపిస్తాను."

మత్తు ఇంకా పూర్తిగా వదలని చైత్ర పక్కన నిఖత్ స్టెతస్కోపు తన చెవుల్లోంచి తీసి సుంకులమ్మ చెవుల్లో పెట్టింది. ఎడమ పక్కటెముకల కింద ఆనించింది.

మొదట ఏమీ లేదు. తర్వాత చిటపట. ఎండి నెర్రెలిచ్చిన నేలమీద మొదటి చినుకులు పడ్డట్టు. ఆ చిటపటల వెనక ఎక్కడో లోతునుంచి గాలి వస్తోంది. సుంకులమ్మకి ఆ చప్పుడు తెలుసు. బోరు వేసేటప్పుడు ఐదొందల అడుగులు ఉత్త దుమ్మే లేచి, ఇంక లేదులే అని మనుషులు తువ్వాళ్ళు దులుపుకుంటున్నప్పుడు, కింద ఎక్కడో నీళ్ళు తగిలి పైకి ఎగదన్నే ముందు వచ్చే చప్పుడు. అప్పుడు అందరూ నోళ్ళు మూసుకుంటారు, మోటారు కూడా ఆపేస్తారు. ఆమె స్టెతస్కోపు తీసి కోడలి చెవుల్లో పెట్టింది. రామాంజినమ్మ వింటూ వింటూ మంచం పట్టీమీద తల వాల్చేసింది.

చైత్ర కళ్ళు తెరిచింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. అటూ ఇటూ చూసింది. జేజి కనబడింది. గొంతు బొంగురుగా, అతి కష్టమ్మీద వచ్చింది.

"జేజీ... పీక నొస్తాంది."

సుంకులమ్మ చెయ్యి అలవాటుగా పిల్ల నెత్తిమీదికి లేచింది. గాలిలోనే ఆగింది. ఆ చెయ్యి వెనక్కి తీసుకుని, మంచం పక్కన నేలమీద మోకాళ్ళమీద కూర్చుని, తన ముఖం పిల్ల ముఖానికి దగ్గరగా తెచ్చింది.

"ఏ పీక, తల్లీ?" అంది. "చెప్పు. ఇంటాండా."